డయాలసిస్ పథ్యం: నిన్న వద్దన్న గుడ్డు ఇవాళ ఎందుకు తినమంటారు?

మన ఇళ్లలో పథ్యం అంటే తగ్గించడమే. జ్వరమొస్తే చారన్నం, కడుపు బాగోకపోతే జావ. ఒంట్లో బాగోలేనివాళ్లు తక్కువ తినాలి, చప్పగా తినాలి అన్నది మనకు ఎవరూ నేర్పకుండానే వచ్చేసిన మాట. కిడ్నీ జబ్బు మొదట్లో డాక్టర్లు చెప్పేది కూడా దీనికి తగ్గట్టే ఉంటుంది: పప్పు తగ్గించండి, గుడ్లు, మాంసం తగ్గించండి, ఉప్పు తగ్గించండి. రెండు మూడేళ్లు ఇంటిల్లిపాదీ కష్టపడి అలవాటు చేసుకుంటారు. ఒకరోజు డయాలసిస్ మొదలవుతుంది. ఆ వారంలోనే డైటీషియన్ వచ్చి, రోజూ గుడ్డు తినాలి, చేపలు తినాలి, తిండి చాలడం లేదు అంటుంది.

ఇంట్లోవాళ్లకు టెన్షన్ పట్టుకుంటుంది. మొదటి డాక్టరు తప్పు చెప్పాడా, ఈవిడ తప్పు చెబుతోందా? ఇద్దరూ చెప్పింది సరైనదే. మధ్యలో మారింది శరీరం లెక్క.

కిడ్నీ వారానికి 168 గంటలు, మిషన్ 8 గంటలు

మనం తిన్న ప్రోటీన్‌ను, అంటే మాంసకృత్తులను, శరీరం వాడుకున్నాక యూరియాలాంటి వ్యర్థాలు మిగులుతాయి. వాటిని మూత్రంలోకి పంపే పని కిడ్నీలది. దెబ్బతిన్న కిడ్నీ మీద బరువు తగ్గించాలంటే ప్రోటీన్ తగ్గించాలి. అందుకే డయాలసిస్ దాకా రానివాళ్లకు, ముఖ్యంగా షుగర్ లేనివాళ్లకు, రోజుకు కిలో శరీర బరువుకు 0.55 నుంచి 0.6 గ్రాముల ప్రోటీన్ చాలని అమెరికా నేషనల్ కిడ్నీ ఫౌండేషన్ 2020 నాటి మార్గదర్శకాలు చెబుతాయి. షుగర్ ఉంటే 0.6 నుంచి 0.8 దాకా వెళ్లవచ్చు. డయాలసిస్ మొదలయ్యాక అవే మార్గదర్శకాలు 1.0 నుంచి 1.2 గ్రాములు అంటాయి. 55 కిలోల మనిషికి 30-33 గ్రాములుగా ఉన్నది ఒక్కసారిగా 55-66 గ్రాములు అవుతుంది. దాదాపు రెట్టింపు.

కారణం మిషన్‌లోని ఫిల్టరే. రక్తం అందులోంచి వెళ్లేటప్పుడు చిన్న అణువులన్నీ జారిపోతాయి. యూరియా పనికిరానిది, అమినో ఆమ్లం పనికొచ్చేది అన్న తేడా ఫిల్టరుకు తెలియదు. ఒక్కో హీమోడయాలసిస్‌లో సుమారు 6 నుంచి 8 గ్రాముల అమినో ఆమ్లాలు అలా పోతాయి. ప్రోటీన్ కట్టేది వీటితోనే. పొట్టలోకి ట్యూబు వేసి ఇంట్లోనే చేసుకునే పెరిటోనియల్ డయాలసిస్‌లో నష్టం ఇంకా ఎక్కువ: రోజుకు 5 నుంచి 15 గ్రాముల ప్రోటీన్, ప్రతిరోజూ. దీనికి తోడు డయాలసిస్ రోగుల ఒంట్లో చాలాసార్లు ఒక సన్నటి వాపు, అంటే ఇన్‌ఫ్లమేషన్, నడుస్తూనే ఉంటుంది. డయాలసిస్ కోసం మెడలో వేసిన గొట్టానికి, అంటే క్యాథెటర్‌కు, ఇన్ఫెక్షన్ వస్తే అది భగ్గుమంటుంది. రక్తంలో ఆమ్లత పెరిగినా కండ కరుగుతుంది. ఆకలి చచ్చిపోతుంది. నోట్లో లోహపు రుచి వస్తుంది. ఇవన్నీ కలిసి కండ, కొవ్వు నిల్వలు రెండూ తరిగిపోయే స్థితిని వైద్యులు 2008 నుంచి ‘ప్రోటీన్-ఎనర్జీ వేస్టింగ్’ అంటున్నారు. సరిగ్గా తినకపోవడం ఇందులో ఒక భాగమే. తిన్నా కరిగిపోవడం రెండో భాగం. ‘తిండి పెడితే సరిపోతుంది కదా’ అన్న మాట అందుకే సగమే నిజం.

ఇందులో ఒక మెలిక ఉంది. ఇంకా కొంత మూత్రం వస్తూ, వారానికి రెండు డయాలసిస్‌లతో గడిచేవాళ్లకు మిషన్ లేని రోజుల్లో ప్రోటీన్ కాస్త తగ్గించి, మిగిలి ఉన్న కాస్త కిడ్నీ పనితీరును కాపాడాలన్న వాదన కొందరు నిపుణులది. కండ తరిగాక తిరిగి పెంచడం చాలా కష్టం, ఆ రిస్కు వద్దన్నది రెండో పక్షం. మూత్రం ఎంత వస్తోందో కొలవకుండా ఈ రెండింటిలో ఏది సరైనదో తేలదు. మన దగ్గర ఆ కొలత తీసేది తక్కువే.

60 గ్రాములు మన కంచంలో ఎక్కడున్నాయి?

పలాస దగ్గరి ఒక కొబ్బరి రైతు అనుకుందాం. 55 కిలోలు, షుగర్ లేదు, మూత్రం దాదాపు రావడం లేదు, వారానికి రెండుసార్లు డయాలసిస్. ఆయనకు రోజుకు 60 గ్రాముల ప్రోటీన్ కావాలి. ఇప్పుడు ఆయన మామూలు రోజు చూద్దాం. పొద్దున మూడు ఇడ్లీలు, 6 గ్రాములు. మధ్యాహ్నం 120 గ్రాముల బియ్యంతో వండిన అన్నం, 9 గ్రాములు. 30 గ్రాముల కందిపప్పుతో చేసిన పప్పు, 6 నుంచి 7. చిన్న కప్పు పెరుగు, 3. రాత్రి 100 గ్రాముల బియ్యం అన్నం, 7 లేదా 8. రెండు పూటలా కూరలు కలిపి 3. మొత్తం సుమారు 35 గ్రాములు. కడుపు నిండా తిన్నట్టే ఉంటుంది, అందుకే లోటు ఉందని ఎవరికీ తట్టదు.

మిగతా 25 గ్రాములు ఎలా? మూడు గుడ్ల తెల్లసొన 11 గ్రాములు, 75 గ్రాముల చేప ముక్క 14 గ్రాములు. అక్కడికి లెక్క సరిపోయింది. శాకాహారులైతే 20 గ్రాముల ఎండు మీల్ మేకర్‌లో 10 గ్రాములు దొరుకుతాయి, మిగతాది పనీరు, పెరుగు, ఇంకాస్త పప్పు నుంచి రావాలి. కష్టమే గానీ కుదరనిది కాదు. కార్తీక మాసం వచ్చేసరికి నీచు మానేసిన ఇళ్లలో గుడ్డు, చేప రెండూ ఒకేసారి పోతాయి, వాటి స్థానంలోకి ఏదీ రాదు. ఆ 25 గ్రాముల లోటు నెలంతా నడుస్తుంది.

ప్రోటీన్ ఒక్కటే చాలదు. రోజుకు కిలో బరువుకు 25 నుంచి 35 కిలో క్యాలరీలు కావాలి, ఈయనకు 1,375 నుంచి 1,925 దాకా. అంత శక్తి తిండి నుంచి రాకపోతే శరీరం తిన్న గుడ్డునే కట్టెలా కాల్చేస్తుంది. కండ కట్టడానికి ఏమీ మిగలదు.

బరువు తగ్గలేదు, క్రియాటినిన్ తగ్గింది: రెండూ సంతోషించే మాటలేనా?

డయాలసిస్ వార్డు బయట ఎక్కువగా వినపడే మాటలివి. ‘మొన్నటిదాకా క్రియాటినిన్ 9 ఉండేది, ఇప్పుడు 6కి వచ్చింది.’ ఇంట్లో అందరికీ సంబరం. కానీ క్రియాటినిన్ అనే ఈ వ్యర్థం కండలో పుడుతుంది. మిషన్ గంటలు పెరగకుండా, కిడ్నీ కోలుకోకుండా, నెలలు గడిచేకొద్దీ అది తగ్గుతోందంటే, పుట్టించే కండే తగ్గిపోతోందేమో చూడాలి. డయాలసిస్ రోగుల్లో తక్కువ క్రియాటినిన్ ఉన్నవాళ్ల ఆయుష్షే తక్కువగా కనిపిస్తుందన్నది పరిశోధనల్లో పదేపదే తేలిన విషయం. లావుగా ఉన్నవాళ్లు, కొలెస్ట్రాల్ మరీ తక్కువ లేనివాళ్లు ఎక్కువకాలం బతకడమూ ఇలాగే కనిపిస్తుంది. మామూలు మనుషులకు చెప్పే సూత్రం ఇక్కడ తలకిందులైంది. లావు కాపాడుతోందా, లేక జబ్బు ముదిరినవాళ్లే సన్నబడ్డారా అన్నదాని మీద వైద్యుల మధ్య వాదన ఇంకా తెగలేదు.

రెండోది బరువు. ఒంట్లో అదనపు నీరు లేకుండా ఉండే బరువును డ్రై వెయిట్ అంటారు. మిషన్ దిగాక మనిషి ఆ బరువుకు రావాలని లెక్క పెట్టుకుని నీళ్లు తీస్తారు. మన రైతు డ్రై వెయిట్ 55 అని రాసి ఉంది. జ్వరాలు, ఆకలి లేకపోవడంతో మూడు నెలల్లో 3 కిలోల కండ పోయింది. కాగితం మీద 55 అలాగే ఉంది. అంటే ప్రతిసారీ మిషన్ దిగేటప్పుడు ఆయన ఒంట్లో 3 లీటర్ల నీరు మిగిలిపోతోంది. తూకం చూస్తే బరువు నిలకడగా ఉంది. బీపీ మాత్రం దిగడం లేదు, పడుకుంటే ఆయాసం. బీపీ మాత్రలు పెంచుతారు. అసలు సంగతి కండ పోయి నీరు చేరడం. చొక్కా భుజాల దగ్గర వదులవడం, చెంపలు లోపలికి పోవడం ఇంట్లోవాళ్లకు ముందు కనపడతాయి. వాళ్లు నర్సుకు చెప్పే ఆ మాట రక్తపరీక్ష కంటే ముందు దారి చూపించిన సందర్భాలు తక్కువేమీ కాదు.

రక్తంలో ఉండే అల్బుమిన్ అనే ప్రోటీన్ సంగతి కూడా ఒక్కమాట. రక్తంలో ఇది 3.8 కంటే తగ్గితే పోషణ బాగోలేదని చాలాకాలం అనుకున్నారు. ఇప్పుడు ఆ నమ్మకం సడలింది. ఇన్ఫెక్షన్ ఉన్నా తగ్గుతుంది, ఒంట్లో నీరు ఎక్కువైనా పలచబడి తక్కువగా కనపడుతుంది. కాబట్టి అల్బుమిన్ తక్కువ రాగానే ప్రోటీన్ పొడి డబ్బా కొనేయడం తొందరపాటు కావచ్చు. క్యాథెటర్ దగ్గర చీము ఉందేమో ముందు తెలియాలి.

నీళ్ల గొడవ నిజానికి ఉప్పు గొడవ

డయాలసిస్ రోగి ఇంట్లో రోజూ జరిగే యుద్ధం నీళ్ల దగ్గర. మూత్రం ఎంత వస్తే దానికి అర లీటరు నుంచి ముప్పావు లీటరు కలిపి అంతే తాగాలన్నది వాడుకలో ఉన్న లెక్క. అందులో కాఫీ, మజ్జిగ, చారు, అంబలి అన్నీ వస్తాయి. ఆ లెక్క తప్పితే మనిషికి నోటి మీద అదుపు లేదని తిడతారు. నా ఉద్దేశంలో ఇది అన్యాయం. దాహం పుట్టించేది ఉప్పు.

లెక్క చూడండి. శరీరం తన ద్రవాల్లో ఉప్పు గాఢతను ఒకే స్థాయిలో ఉంచుకుంటుంది. దాదాపు 8 గ్రాముల ఉప్పుకు ఒక లీటరు నీరు కావాలి. మన దేశంలో సగటున ఒక మనిషి రోజుకు 10 గ్రాముల దాకా ఉప్పు తింటాడు. వారానికి రెండుసార్లు డయాలసిస్ అంటే మధ్యలో సగటున మూడున్నర రోజులు. 35 గ్రాముల ఉప్పు. మూత్రం లేని మన రైతు ఒంట్లో అది 4 లీటర్లకు పైగా నీటిని పట్టి ఉంచుతుంది. ఎంత తిట్టినా ఆయన ఆ నీళ్లు తాగక మానడు. అదే ఉప్పు రోజుకు 5 గ్రాములైతే 17.5 గ్రాములు, 2 లీటర్ల చిల్లర.

ఈ తేడా మిషన్ మీద తెలుస్తుంది. గంటకు కిలో బరువుకు 13 మిల్లీలీటర్లు దాటి నీరు లాగితే గుండెకు ప్రమాదం పెరుగుతుందని అధ్యయనాల్లో కనిపించింది. 55 కిలోలకు నాలుగు గంటల్లో 2,860 మిల్లీలీటర్లు. 2 లీటర్లు హాయిగా వస్తాయి. 4 లీటర్లు లాగితే కాళ్లు పట్టేస్తాయి, బీపీ పడిపోతుంది, ఇంటికొచ్చి ఆ రోజంతా మంచం దిగలేరు, తినలేరు. ఉప్పు ఇలా చుట్టూ తిరిగి వచ్చి పోషణనే దెబ్బతీస్తుంది. ఆ 10 గ్రాములు ఎక్కడున్నాయో మనకు తెలియనిది కాదు: ఆవకాయ, అప్పడాలు, వడియాలు, ఊరమిరపకాయలు, తీరంలో అయితే ఎండు చేపలు.

విదేశీ మార్గదర్శకాలు ఎక్కువగా వారానికి మూడు డయాలసిస్‌లు అనుకుని రాసినవి. మన దేశంలో చాలామందికి దక్కేవి రెండే. అంటే అదే ఉప్పు, అదే పండు ఇక్కడి రోగికి ఎక్కువ బరువు. మూడు సార్ల డయాలసిస్‌లోనే రెండు రోజుల విరామం తర్వాత మరణాలు ఎక్కువని 2011లో అమెరికాలో జరిగిన పెద్ద పరిశీలన తేల్చింది. అదే లెక్కన ఇక్కడ వారంలో ఒక విరామం రెండు రోజులు, ఇంకొకటి మూడు.

ఇక్కడే ఒక కొత్త చిక్కు. మామూలు ఉప్పుకు బదులు సోడియం తగ్గించిన ఉప్పు వాడటం మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జనవరిలో సూచించింది. వార్త చదివి కొని తెచ్చేవాళ్లున్నారు. ఆ ఉప్పులో తగ్గించిన సోడియం స్థానంలో ఉండేది పొటాషియం క్లోరైడ్. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు ఈ సూచన వర్తించదని ఆ సంస్థే చెప్పింది. హెడ్డింగుల్లో ఆ ముక్క కనపడలేదు.

ఉద్దానం పంటలూ పొటాషియం భయమూ

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం పేరు కిడ్నీ జబ్బుతో ముడిపడిపోయింది. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు షుగర్, బీపీ లేనివాళ్లకు కూడా వచ్చే ఈ జబ్బుకు కారణం ఇప్పటికీ తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆస్పత్రి ప్రారంభమయ్యాయి. ఆ నేల మీద పండేవి చూడండి: కొబ్బరి, జీడి, పనస. డయాలసిస్ రోగికి ఇచ్చే ‘వద్దు’ జాబితా మొదటి వరుస కూడా అదే. ఒక బోండాం నీళ్లలో సుమారు 500 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. పనస తొనల్లోనూ ఎక్కువే. జీడిపప్పు 100 గ్రాముల్లో భాస్వరం, అంటే ఫాస్ఫరస్, 590 మిల్లీగ్రాముల దాకా.

రక్తంలో పొటాషియం 6 దాటితే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. ఆ భయంతోనే పండ్లు, ఆకుకూరలు పూర్తిగా మాన్పించడం ఆనవాయితీ అయింది. ఇప్పుడు దాని మీద వాదన నడుస్తోంది. తిన్న పొటాషియానికి, రక్తంలో కొలిచిన పొటాషియానికి ఉన్న సంబంధం అనుకున్నంత గట్టిగా లేదని కొన్ని పరిశీలనలు చెప్పాయి. కిడ్నీ పనిచేయనప్పుడు పొటాషియాన్ని బయటికి పంపే పని కొంత పెద్దపేగు తీసుకుంటుంది. పండ్లు, కూరలు మానేస్తే పీచు పోతుంది, మలబద్ధకం వస్తుంది, ఆ దారీ మూసుకుపోతుంది. యూరప్, దక్షిణ అమెరికాల్లో 8 వేల మందికి పైగా హీమోడయాలసిస్ రోగుల మీద 2019లో వచ్చిన అధ్యయనంలో, పండ్లు, కూరగాయలు ఎక్కువ తిన్నవాళ్లలో మరణాలు తక్కువ. అయితే ఆరోగ్యం బాగున్నవాళ్లే పండ్లు తినగలుగుతున్నారేమో అన్న అనుమానాన్ని అలాంటి అధ్యయనం తీర్చలేదు. అక్కడివాళ్లకు డయాలసిస్ వారానికి మూడుసార్లు అన్నదీ మరవకూడదు. 2020 మార్గదర్శకాలు అందరికీ ఒకే అంకె పెట్టలేదు. రక్తపరీక్ష చూసి ఎవరికి తగ్గట్టు వాళ్లకు మార్చమన్నాయి. స్టార్ ఫ్రూట్ విషయంలో మాత్రం రెండో మాట లేదు. అందులోని విషపదార్థం కిడ్నీ పనిచేయనివాళ్ల మెదడు మీద పనిచేసి ప్రాణాల మీదికి తెస్తుంది.

కూరగాయలు నానబెడితే పొటాషియం పోతుందన్న నమ్మకం ఒకటుంది. బంగాళాదుంప ముక్కల్ని ఊరికే నానబెడితే పోయేది కొంచెమే. ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు వార్చేస్తే సగం దాకా పోతుంది. అన్నం వార్చినట్టన్నమాట. చిక్కల్లా ఏమిటంటే, మన వంటింట్లో వార్చిన నీళ్లు పారబోయరు. పప్పు మీది తేట కట్టు చారవుతుంది. తీసిన పొటాషియం అలా మళ్లీ కంచంలోకే వస్తుంది.

భాస్వరం: ఎంత తిన్నామన్నది కాదు, ఎక్కడిది తిన్నామన్నది

ప్రోటీన్ పెంచమంటారు, భాస్వరం తగ్గించమంటారు. రెండూ ఒకే పదార్థాల్లో ఉంటాయి. గుడ్డు ఈ ముడి కొంత విప్పుతుంది: తెల్లసొనలో 3.6 గ్రాముల ప్రోటీన్‌కు భాస్వరం 5 మిల్లీగ్రాములే. పచ్చసొనలోనే ఎక్కువ.

మూలం కూడా ముఖ్యం. పప్పుధాన్యాల్లోని భాస్వరం చాలావరకు ఫైటేట్ రూపంలో ఉంటుంది. అందులో సగం కూడా ఒంటికి పట్టదు. మాంసం, పాలలోది అంతకంటే ఎక్కువ పడుతుంది. ఫ్యాక్టరీలో కలిపిన ఫాస్ఫేట్ దాదాపు మొత్తం పడుతుంది. కోలా డ్రింకులు, ప్రాసెస్ చేసిన చీజ్, సాసేజ్‌లు ఈ కోవలోవి. ప్యాకెట్ వెనక ఐఎన్‌ఎస్ 338 నుంచి 341, 450 నుంచి 452 అంకెలుంటే అవి ఫాస్ఫేట్లే. పప్పు మాన్పించి బేకరీ సరుకు తినిపించే ఇళ్లలో లెక్క పూర్తిగా తలకిందులవుతోందన్నమాట.

ఎంత జాగ్రత్తపడినా మిషన్ ఒక్కటే చాలదు. రోజుకు 1,000 మిల్లీగ్రాములు తిని, 600 ఒంటికి పడితే వారానికి 4,200. ఒక డయాలసిస్ తీసేది సుమారు 800. రెండుసార్లకు 1,600. ఆ లోటు పూడ్చడానికే సెవెలమర్, కాల్షియం అసిటేట్ లాంటి మాత్రలు. అవి కడుపులో తిండితో కలిసి భాస్వరాన్ని పట్టుకోవాలి. అన్నం తిన్న రెండు గంటల తర్వాత వేసుకుంటే పట్టుకోవడానికి అక్కడేమీ ఉండదు. మాత్ర పనిచేయడం లేదని అనుకునేవాళ్లలో కొందరి సమస్య ఈ టైమింగే.

మిషన్ మీద ఉండగా తినొచ్చా?

2016లో మొదలైన ప్రధానమంత్రి జాతీయ డయాలసిస్ కార్యక్రమం, రాష్ట్రాల ఆరోగ్య బీమా పథకాలు మిషన్ ఖర్చు మోస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో డయాలసిస్ చేయించుకునేవారికి నెలకు 10,000 రూపాయల పింఛను ఉంది. ఆటో, బస్సు, మందులు పోగా మిగిలినదాంట్లోంచి చేప ముక్క రావాలి. డయాలసిస్ రోజు లెక్క వేరే. తెల్లవారుజామున బయల్దేరతారు, నాలుగు గంటలు మిషన్, మళ్లీ ప్రయాణం, ఇంటికొచ్చి నీరసంతో పడుకుంటారు. ఆ రోజు ఒక్క భోజనం తప్పినా, వారానికి రెండు చొప్పున ఏడాదికి 104 భోజనాలు. అదీ అమినో ఆమ్లాలు పోయిన రోజునే.

అందుకే యూరప్‌లో చాలాచోట్ల మిషన్ మీద ఉండగానే ఏదో ఒకటి తినిపిస్తారు. అమెరికాలో చాలాకాలం అది నిషేధం. తినగానే రక్తం పొట్ట వైపు వెళ్లి బీపీ పడిపోతుంది, గొంతుకు అడ్డం పడవచ్చు, ఇన్ఫెక్షన్ భయం అన్నవి వాళ్ల అభ్యంతరాలు. మొదటిది నిజంగా జరుగుతుంది, ముఖ్యంగా ముసలివాళ్లలో, మిషన్ మీద బీపీ పడే అలవాటు ఉన్నవాళ్లలో. ఆ అలవాటు లేనివాళ్లకు మొదటి గంటల్లో కొద్దిగా తినిపిస్తే ఇబ్బంది తక్కువేనని మరో పక్షం చెబుతోంది. మన దగ్గర సెంటర్‌కో పద్ధతి. ఒకచోట టిఫిన్ బాక్సు లోపలికి రానివ్వరు, మరోచోట నర్సే అడుగుతుంది, గుడ్డు తెచ్చుకున్నావా అని.